బోనం మోసే మెడ

ఆషాఢంలో ఒక ఆదివారం పొద్దున, అమ్మవారి గుడికి పోయే లైన్లో, సగం దారిలో నా మెడ బిగుసుకుపోయింది. తల మీద ఇత్తడి బోనం ఉంది. దాని మీద దీపం వెలుగుతోంది. ముందు డప్పులు, వెనక జనం. మెడలో మొదలైన నొప్పి భుజంలోకి దిగేలోపే గుండె దడదడ కొట్టుకోవడం మొదలుపెట్టింది. చేతులు చల్లబడ్డాయి. ఇక పడిపోతాను, బోనం జారుతుంది, దీపం ఆరుతుంది, మెట్టుగూడలో మా గల్లీ గల్లీ అంతా ఏడాది పాటు ఇదే చెప్పుకుంటుంది అని నిలబడ్డచోటే మొత్తం ఊహించేసుకున్నాను.

అవేవీ జరగలేదు. నా వెనకే నడుస్తున్న మా అత్తమ్మ ఒక్క మాట కూడా అడక్కుండా బోనం నా తల మీంచి తీసి తన తల మీద పెట్టుకుంది. డెబ్బై దాటిన మనిషి. గుడి దాకా నిటారుగా నడిచింది. నేను బారికేడు కర్రలు పట్టుకుంటూ, ఎవరో పుణ్యాత్మురాలు ఇచ్చిన సీసాలో నీళ్లు తాగుతూ, ఆమె వెనకాల పోయాను.

మర్నాడు మా ఆయన నన్ను ఆసుపత్రికి తీసుకుపోయాడు. గుండె పరీక్ష చేసి ఏమీ లేదన్నారు. సంతోషించాల్సిన మాటే, కానీ నాకు ఒళ్లు మండింది. అంతమంది ముందు బోనం దించేసినందుకు ఏదో ఒక జబ్బైనా ఉండాలి కదా! మెడకు ఎక్స్‌రే తీసి, ఎముకలు కొంచెం అరిగాయని, ఆందోళన కూడా ఉందని చెప్పారు. "ఆందోళన ఎందుకుంటదీ నాకు?" అని డాక్టరును గట్టిగానే అడిగాను. ఆయన మా ఆయన వైపు చూశాడు. మా ఆయన సీలింగు ఫ్యాను వైపు చూశాడు.

మెడ ఎందుకు అరిగిందో నాకు తెలుసు. నేను ఇంట్లో చీరలకు ఫాల్స్ కుడతాను. పాతికేళ్లుగా తల వంచుకునే బతుకుతున్నాను, అది కూడా నా ఇష్టంతోనే. పెళ్లిళ్ల సీజన్లో చీరలు మంచం మీద నా కంటే ఎత్తుగా పేరుకుంటాయి. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మెడ తిప్పలేక మనిషి మనిషే తిరగాల్సి వచ్చేది. రోడ్డు దాటాలంటే చాలు, గుండె మళ్లీ షురూ. అటువైపు కూరగాయలమ్మ "రా అక్కా, రా" అని పిలుస్తుంటే ఇటువైపు నిలబడి ఆమెకు చెయ్యి ఊపి ఇంటికి తిరిగొచ్చిన రోజులున్నాయి.

ఇవన్నీ ఓర్చుకోగలను. ఓర్చుకోలేనిది బోనం సంగతి. మా ఇంట్లో బోనం కోడలి పని. అత్తమ్మ తన అత్త దగ్గర తీసుకుంది, నేను అత్తమ్మ దగ్గర తీసుకున్నాను. బోనాల రోజు తెల్లవారకముందే అత్తమ్మ వంటగది తలుపు వేసుకుని అన్నం, పాలు, బెల్లం కలిపి బోనం వండుతుంది. వంట అయ్యేదాకా లోపలికి ఎవరూ పోకూడదు. మోసే మనిషి మాత్రం అమ్మవారికి సమర్పించేదాకా మంచినీళ్లు కూడా ముట్టదు. ఈ నియమం నాకు ఎవరు చెప్పారో గుర్తు లేదు. పెళ్లయి వచ్చిన మొదటి బోనాలకే నాకు తెలుసు, అంతే.

ఉగాది పోయిందో లేదో, అత్తమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ మామూలుగా అంది. "ఈ ఏడు సుత నేనే మోస్త తియ్యి. నీకెందుకు తక్లీఫ్."

ప్రేమగానే అంది. కానీ ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. "నా మెడ నాకు తెల్వదా? నేనే మోస్త," అని చిక్కుడుకాయల గిన్నె నా వైపు లాక్కున్నాను. అంత పౌరుషంగా అనేశాను కానీ, ఆ సాయంత్రం ఉత్త నీళ్ల బిందె ఎత్తబోతేనే మెడ కలుక్కుమంది.

మెడకు పట్టీ వేసుకుని చూశాను. అది వేసుకుంటే గల్లీలో ప్రతివాళ్లూ ఆపి ఏమైందని అడిగేవారు, జవాబు చెప్పలేక మెడ నొప్పికి తల నొప్పి కూడా తోడయ్యేది. మా ఆయన రోజూ ఉప్పు మూట వేడి చేసి కాపడం పెట్టేవాడు. పాపం బాగానే పెట్టేవాడు, కానీ టీవీ చూస్తూ పెట్టేవాడు. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు మూట నా చెవి మీదికొచ్చేది. చివరికి ఫాల్స్ కుట్టించుకోవడానికి వచ్చిన ఒకామె చెప్పింది. చిలకలగూడలో ఒక డాక్టరమ్మ సూదులు గుచ్చి, ఆ సూదులకు సన్నగా కరెంటు పెడుతుందట. ఆమె ఆడబిడ్డకు నయమైందట.

సూది అంటే నాకు భయమేంటి, అన్నం పెట్టేదే సూది కదా అనుకున్నాను. కరెంటు అన్న మాటే కాస్త ఆలోచనలో పడేసింది. అందుకని పని మంచిగా మొదలుపెట్టాలని, అమ్మవారి వారమని మంగళవారం చూసుకున్నాను. పొద్దున్నే తలస్నానం చేశాను. దేవుడి దగ్గర దీపం పెట్టి, ఆ రోజంతా ఉపవాసం ఉంటానని మొక్కుకుని, తడి జుట్టు ముడి వేసుకుని, పెద్ద పనికి పోతున్న మనిషిలా బయల్దేరాను. మా ఆయన వెనక స్కూటరు మీద కూర్చుని దారి పొడుగునా అమ్మవారిని తలుచుకున్నాను.

డాక్టరమ్మ చిన్న పిల్ల. కోస్తా నుంచి వచ్చిన వాళ్లమ్మాయి. మాటకు ముందొక "ఆంటీ", వెనకొక "అండి". మంచానికి తల దగ్గర గుండ్రంగా ఒక కన్నం ఉంది. అందులో మొఖం పెట్టి బోర్లా పడుకోమంది. ఇక నాకు కనిపించేదల్లా నేల మీది టైల్సూ, ఆమె చెప్పులూ. మెడ మీద, భుజాల మీద, చేతి మీద, నడినెత్తిన కూడా సూదులు పెట్టింది. చీమ కుట్టినంత కూడా లేదు. తర్వాత వాటికి చిన్న చిన్న క్లిప్పులు తగిలించి, వైర్లను ఒక డబ్బాకు కలిపి, మరలాంటిది తిప్పింది.

"తెలుస్తోందా ఆంటీ?"

"తెలుస్తున్నది."

నా భుజం నా ప్రమేయం లేకుండానే టక్కు టక్కుమని ఎగరడం మొదలుపెట్టింది. నా కండ, నేను చెప్పకుండానే! నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే టైల్సు దగ్గరికొచ్చాయి, దూరం పోయాయి, చెమట పట్టింది, గుండె మళ్లీ అందుకుంది. "కరెంటు గుండెకు పోయింది మేడం," అని అరిచాను.

క్షణంలో సూదులు తీసి, వెల్లకిలా తిప్పి, కాళ్ల కింద దిండ్లు పెట్టింది. నాడి చూస్తూ అడిగింది. "ఆంటీ, పొద్దున ఏం తిన్నారండి?"

"ఉపాసం."

"ఉపవాసమా! ఈ జుట్టు కూడా తడిగా ఉందే. ఎవరు చెప్పారండి ఇలా రమ్మని?"

"ఎవరు చెప్పాలె? మంచి పని గద."

ఆమెకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. గ్లూకోజు నీళ్లు తాగించి, నాలుగు బిస్కెట్లు తినిపించి, ఖాళీ కడుపుతో సూదులు పెట్టుకుంటే ఎంత గట్టి మనిషైనా తూలుతుందని చెప్పింది. కరెంటు గుండెకు పోలేదని రెండుసార్లు చెప్పించుకున్నాను. ఇంటికొచ్చాక మా ఆయన మాత్రం ఊరుకోలేదు. "మంచిరోజు చూసుకొని మరీ సొమ్మసిల్లినవ్," అని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. అత్తమ్మ నవ్వలేదు. నా వైపు ఏదో ఆలోచిస్తున్నట్టు చూసి లోపలికి పోయింది. నా చేతకానితనం చూసి జాలిపడుతోందని నాకు ఇంకా మండింది.

ఆ తర్వాత నుంచి కడుపునిండా ఉప్మా తిని పోయేదాన్ని. వారానికి రెండుసార్లు. పక్క మంచం మీద, తెరకు అవతల, యాప్రాల్ నుంచి బస్సెక్కి వచ్చే ఒకామె ఉండేది. కర్రీ పాయింటు నడుపుతుంది. రోజంతా ఉల్లిగడ్డలు తరిగి తరిగి ఆమె మెడ కూడా నా మెడలాగే అయింది. ఇద్దరం బోర్లా పడుకుని, ఒకరి మొఖం ఒకరు చూడకుండా, టైల్సుతో మాట్లాడినట్టు మాట్లాడుకునేవాళ్లం.

"అక్కా, నీకు మర ఎంత దాంక తిప్పింది?" అని ఒకరోజు అడిగింది.

"మూడు."

"నాకు నాలుగు," అంది గర్వంగా.

ఇక నాకు నిద్రపట్టలేదు. ఆమె నాలుగైతే నేను మూడేంటి? తర్వాతిసారి డాక్టరమ్మ "తెలుస్తోందా?" అంటే తెలియడం లేదన్నాను. కొంచెం పెంచింది. ఇంకా తెలియడం లేదన్నాను. ఇంకొంచెం పెంచింది. భుజం ఎగిరిన ఎగురుడుకు మంచం కిర్రుమంది. పళ్లు బిగబట్టి తెర అవతలికి వినపడేలా, "ఐదు," అన్నాను. అవతల నుంచి, "మేడం, నాకు జెర ఆరు పెట్టుండ్రి," అని వినిపించింది.

డాక్టరమ్మ రెండు డబ్బాలూ ఆపేసింది. తెర పక్కకు లాగి మా ఇద్దరి మధ్యా నిలబడింది. "ఇదేమన్నా కారం తినే పందెమా అండి? ఎక్కువ పెడితే కండ ఇంకా బిగుస్తుంది. హాయిగా ఉన్నంతవరకే పెట్టాలి. ఇద్దరికీ రెండు," అని కేకలేసింది. ఆ రోజు మొదటిసారి యాప్రాల్ ఆమె మొఖం చూశాను. ఇద్దరి నుదుటి మీదా మంచం కన్నం గుర్తు గుండ్రంగా పడి ఉంది. ఇద్దరం ఒకరినొకరం చూసుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నాం.

విచిత్రమేమిటంటే, రెండు మీదే పని జరిగింది. టక్కు టక్కుమని ఎవరో మెత్తగా తలుపు తడుతున్నట్టుండేది. "మెడ బిగిస్తే భయం వేస్తుంది, భయం వేస్తే మెడ బిగుస్తుంది. ముందు ఏదో ఒకటి వదలాలి కదండీ," అనేది డాక్టరమ్మ. దడ వచ్చినప్పుడు ఊపిరి నెమ్మదిగా, పొడుగ్గా వదలడం నేర్పించింది. నొప్పి పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. వాన ముసురు పట్టిన రోజు ఇప్పటికీ పలకరిస్తుంది. కానీ ఒకరోజు గల్లీలో ఎవరో పిలిస్తే, కాళ్లు కదపకుండా మెడ ఒక్కటే తిప్పి చూశాను. పిలిచింది ఎవరో, ఎందుకు పిలిచిందో అసలు పట్టించుకోలేదు. మెడ తిరిగిందన్న సంబరంలో ఆమెను పట్టుకుని, "చూసినవా, చూసినవా?" అని అడిగాను. కూరగాయలమ్మ దగ్గరికి రోడ్డు దాటి పోయి, అక్కర లేకపోయినా రెండు కట్టలు గోంగూర కొన్నాను.

బోనాలు దగ్గరపడ్డాయి. మోయొచ్చా అని అడిగితే డాక్టరమ్మ, "ఎంత బరువుంటుందండి?" అంది. ఆమెకు మాటల్లో ఏం చెప్పను? తర్వాతిసారి బోనాన్నే సంచిలో పెట్టుకుని తీసుకుపోయాను. ఆమె దాన్ని రెండు చేతులతో ఎత్తి, కళ్లు పెద్దవి చేసి, రోగులను తూచే మిషన్ మీద పెట్టింది. యాప్రాల్ ఆమె మంచం దిగి వచ్చి, ముందు బోనానికి దండం పెట్టి, తర్వాత డాక్టరమ్మతో, "అట్ల తూస్తే ఏం తెలుస్తది మేడం? ఒక్కసారి మీ నెత్తిన పెట్టుకొని సూడుండ్రి," అంది. పెట్టుకుంది. తెల్లకోటు వేసుకుని, తలమీద ఉత్త బోనంతో, గది ఈ చివర నుంచి ఆ చివరికి నడిచింది. మేమిద్దరం చప్పట్లు కొట్టాం.

బోనం దించి మెడ రుద్దుకుంటూ చెప్పింది. "సగమే నింపండి. కింద చుట్టబట్ట మెత్తగా, మందంగా పెట్టుకోండి. మధ్యలో ఒకసారి దించి మళ్లీ ఎత్తుకోండి. ఇక ముఖ్యమైనది, తిని వెళ్లండి."

"అదొక్కటి చెప్పకుండ్రి మేడం. మోసేటోళ్లు తినరు."

"పోయినేడు లైన్లో పడబోయినప్పుడు కూడా తినలేదు కదా?"

తినలేదు. ముందురోజంతా ఆర్డర్ల చీరలు కుట్టి, రాత్రి కూడా సరిగా తినలేదు. ఆ మాట నాకే అప్పుడు తట్టింది. ఇన్ని నెలలూ నేను మెడను తిట్టుకున్నాను, కడుపును అడగనేలేదు.

ఇంటికొచ్చాక కొత్త పరేషానీ పట్టుకుంది. మెడ సిద్ధంగా ఉంది. తినకుండా పోతే మళ్లీ తూలుతానేమో. తిని పోతే అమ్మవారి సంగతి ఎట్లా ఉన్నా అత్తమ్మ మొఖం ఎలా చూడాలి? అన్నేళ్లు మోసింది, ఒక్కరోజు తూలలేదు. నేను పోయి ఆమెను, "అత్తమ్మా, ఇంత ఉప్మా తిని బోనమెత్తుకుంటా," అని అడగాలా? అడగకుండా మొండిగా పోదామని నిర్ణయించుకున్నాను. నిర్ణయించుకున్నప్పటి నుంచి దడ మళ్లీ షురూ అయింది.

ఆదివారం తెల్లవారకముందే తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, పసుపు రాసుకుని హాల్లో కూర్చున్నాను. వంటగది తలుపు వేసి ఉంది. లోపల నుంచి బెల్లం వాసన వస్తోంది. చేతులు చల్లగా ఉన్నాయి. ఊపిరి పొడుగ్గా వదులుతున్నాను. తలుపు కొంచెం తెరుచుకుంది. అత్తమ్మ చెయ్యి ఒకటి బయటికొచ్చి రమ్మని సైగ చేసింది.

బోనాల రోజు ఆ తలుపు లోపలికి పోవడం నాకు అదే మొదటిసారి. అత్తమ్మ మళ్లీ గడియ పెట్టింది. బోనం పొయ్యి పక్కన సిద్ధంగా ఉంది. దాని పక్కనే చిన్న పొయ్యి మీద చాయ్ మరుగుతోంది. గట్టు మీద ప్లేటులో ఉస్మానియా బిస్కెట్లు.

"తాగు," అంది, గ్లాసు నా చేతిలో పెట్టి.

"అత్తమ్మా, ఉపాసం గద!"

"సూదులకు తినకుండ పోయిన్నాడు పడ్డవ్. తినిపోయినప్పుడల్లా నవ్వుకుంట వచ్చినవ్. నాకు కండ్లు లేవా ఏంది? తాగు, సల్లారుతది."

"అమ్మవారు?"

"ఆమె సుత తల్లే గద. బిడ్డను ఖాళీ కడుపున నడిపిస్తదా?" అంటూ తనకు కూడా ఒక గ్లాసు పోసుకుంది. చాయ్‌లో బిస్కెట్ ముంచుతున్న ఆ చేతి తీరు చూస్తే, ఇది ఇవాళ మొదలైన అలవాటు కాదని అర్థమైంది.

"నువ్వు ఎప్పటి సంది తాగుతున్నవ్?"

"మా అత్త పోసినప్పటి సంది."

పాతికేళ్లు! పాతికేళ్లు నేను నాలుక పిడచకట్టుకుని నడిచాను. "మరి నాకెందుకు చెప్పలే?" అని కాస్త గొంతు పెంచే అడిగాను.

అత్తమ్మ తల వంచుకుంది. సిగ్గుపడుతోంది, నిజంగా సిగ్గుపడుతోంది. "మొదటి ఏడే పిలుద్దామనుకున్న. నువ్వేమో నీళ్లు సుత ముట్టవైతివి. అబ్బా, ఈ పిల్లకు ఎంత భక్తి అనుకున్న. నీ ముందర నేను చాయ్ ముచ్చట ఎట్ల తియ్యాలె? ఏటేటా నాకే మొఖం చెల్లకుండె."

ఆమె ముందు నేను చిన్నబోతున్నానని నేను, నా ముందు తాను చిన్నబోతున్నానని ఆమె. ఒకే ఇంట్లో, ఒక్క తలుపుకు అటూ ఇటూ. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. రెండిటినీ చాయ్‌తో కలిపి మింగేశాను. ఇంకో గ్లాసు అడిగాను. పోసింది.

ఆ రోజు బోనం సగమే నింపాం. చుట్టబట్టకు అత్తమ్మ తన పాత నూలు చీర ముక్క ఇచ్చింది. లైన్లో మధ్యలో ఒకసారి దించి, మళ్లీ ఎత్తుకున్నాను. పోయినేడు ఆగిపోయిన చోటికి రాగానే గుండె అలవాటు ప్రకారం ఒకసారి కొట్టుకుంది. ఊపిరి పొడుగ్గా వదిలాను. సరిగ్గా అప్పుడే మా గల్లీ చివరింటి ఆమె నా మొఖంలోకి తొంగి చూసి అత్తమ్మతో అంది. "పోయినేడు అంత పరేషాన్ అయింది, ఈ ఏడు మొఖం ఎంత కళగ ఉందో సూడు. ఏమన్న తిన్నదా?"

"అయ్యో, ఎట్ల తింటదమ్మా?" అంది అత్తమ్మ, నలుగురికీ వినిపించేలా. "మా ఇంట్ల పద్ధతి నీకు తెల్వదా? మోసేటోళ్లు నీళ్లు సుత ముట్టరు."

నవ్వు కడుపులోంచి తన్నుకొచ్చింది. బోనం తల మీద ఉన్నప్పుడు నవ్వును మెడ దాకా రాకుండా ఆపడం ఆ డాక్టరమ్మ నేర్పలేదు. పెదవులు బిగబట్టి, కళ్లు ముందున్న డప్పుల వైపే పెట్టి నడిచాను. దడ ఎటు పోయిందో పట్టించుకునే తీరిక కూడా లేకపోయింది. గుడి దాకా దీపం ఆరలేదు.

బోనం సమర్పించి బయటికొచ్చాక, ఒళ్లు తిప్పకుండా మెడ ఒక్కటే తిప్పి వెనక్కి చూశాను. అత్తమ్మ చేతులు జోడించి, కళ్లు మూసుకుని, మహా భక్తిగా నిలబడి ఉంది. ఆమె పెదవి మూలన బిస్కెట్ పొడి ఇంకా అలాగే ఉంది. ఎవరూ చూడకముందే నా కొంగుతో తుడిచేశాను.